టిల్ట్‌మీటర్ గదిలో మూడు బకెట్లు

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ శుక్రవారం మీటింగులో నాకు అప్పటికప్పుడు అనుమానం వచ్చిందని మా ఆఫీసులో అందరూ నమ్ముతారు. కొత్తగా చేరినవాళ్ళకి ఇప్పటికీ అలాగే చెబుతున్నారట. నిజానికి నాకు ముందురోజు మధ్యాహ్నం మూడింటికే తెలుసు. తెలిసి కూడా పద్దెనిమిది గంటలు నోరు మూసుకుని కూర్చున్నాను.

అగ్నిపర్వతాల దగ్గర నేల ఎంత కదిలిందో కొలిచే ఆఫీసులో నేను నాలుగేళ్ళు పనిచేశాను. మానేసి ఏడాది దాటింది. ఆ పనిలోకి కొత్తగా వెళ్తున్నవాళ్ళు, ముఖ్యంగా నలుగురిలో నోరు విప్పాలంటే చెమటలు పట్టేవాళ్ళు, ఇది చదివితే బాగుంటుందని రాస్తున్నాను.

ముందు పని గురించి రెండు ముక్కలు. కొండ కింద కరిగిన రాయి పైకి ఎక్కేటప్పుడు చుట్టూ నేల ఉబ్బుతుంది. కంటికి కనబడేంత కాదు. కిలోమీటరు పొడవున్న బల్ల ఒక చివర కింద తలవెంట్రుక దూర్చితే ఆ బల్ల ఎంత వంగుతుందో, అంత. ఆ వంపుని పట్టుకునే పరికరమే టిల్ట్‌మీటర్. అది రాత్రీ పగలూ ఒక గీత గీస్తూ ఉంటుంది. గీత తిన్నగా ఉంటే అందరూ ఇళ్ళకి వెళ్ళి నిద్రపోతారు. వంగితే ఎవరూ పోరు.

చేరిన అయిదో నెలలో నన్ను లోవర్ హట్ అనే ఊళ్ళోని మా పెద్ద ఆఫీసు నుంచి ఆరు వారాలకి కొండ దగ్గరికి పంపారు. నాది ఆరు నెలల కాంట్రాక్టు. "ఈ ఆరు వారాలూ సరిగ్గా జరిగితే పొడిగిస్తాం" అంది మా టీం లీడర్. లేకపోతే ఏమవుతుందో చెప్పలేదు. నాకు అర్థమైంది. అయినా సంతోషంగానే వెళ్ళాను. కొండతో మాట్లాడక్కర్లేదు కదా. స్వెట్టర్ల కింద పద్నాలుగు తెలుగు పుస్తకాలు, ఒక కొత్త డైరీ, చిన్న మిక్సీ సర్దుకున్నాను.

జూలై నెల. భూమికి ఈ దక్షిణపు కొసన అది నడి చలికాలం. ఆఫీసు వాళ్ళు అద్దెకి తీసుకున్న ఆ చెక్క ఇంట్లో లోపలా బయటా ఒకటే చలి. వంటింట్లో నిలబడి ఆవలిస్తే నోట్లోంచి పొగ వచ్చేది. నూనె సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టి, స్పూనుతో పొడిచినా కదిలేది కాదు.

అక్కడ నాకు తోడు ఒక టెక్నీషియన్. అరవై దాటిన మనిషి. రోడ్డుకి అవతల కుక్కతో ఉండేవారు. ఆ చలిలో కూడా నిక్కరు, రబ్బరు బూట్లు. రోజుకి పది మాటల కంటే ఎక్కువ మాట్లాడేవారు కాదు. నన్ను మించినవాళ్ళు ఈ లోకంలో ఉన్నారని మొదటిసారి తెలిసింది. మా ఇంట్లో వేడినీళ్ళ సిలిండరు ఉన్న అలమరా ఒకటి ఉండేది. ఆయన తడిసిన సాక్సులన్నీ తెచ్చి అందులో ఆరేసుకునేవారు. ఆ సాక్సుల సంగతి గుర్తుపెట్టుకోండి, నేరంలో వాటికీ కొంత భాగం ఉంది.

పెరట్లో సిమెంటు ఇటుకలతో కట్టిన చిన్న గది. టిల్ట్‌మీటర్ ఆ గది మూలన, చెక్క అడ్డు వెనక ఉంటుంది. గదిలో వేడి మారితే పరికరం కొండే కదిలిందనుకుంటుంది. అందుకని లోపల ఏడాది పొడుగునా ఒకే వెచ్చదనం ఉండేలా హీటరు అమర్చారు. తలుపు పక్కన మేకుకి ఒక లాగ్‌బుక్కు వేలాడుతుంది. ఎవరు వెళ్ళారు, ఎప్పుడు వెళ్ళారు, లోపలికి ఏం తీసుకెళ్ళారు అని ప్రతిసారీ అందులో రాయాలి. టెక్నీషియన్ గారైతే "నేను. 10:05. ఒక స్క్రూడ్రైవరు" అని కూడా రాసేవారు. బయటికి వచ్చాక "10:09. అదే స్క్రూడ్రైవరు" అని రాసేవారు.

ఇక టకానిని ఆంటీ. టకానిని అనే ఊళ్ళో ఉంటుంది కాబట్టి ఆ పేరు. అమ్మకి చిన్ననాటి స్నేహితురాలు. ఈ దేశం వచ్చిన కొత్తలో రెండు నెలలు వాళ్ళింట్లో తిని, వాళ్ళ హీటరు ముందే పడుకున్నాను. ఆవిడకి 'కుదరదు' అనే మాట చెప్పే హక్కు నాకు లేదు. సోమవారం పొద్దున ఫోను.

"ఏమే, అక్కడ స్నో పడిందటగా? సాటర్డే మేమొస్తున్నాం. పిల్లలు స్నో చూళ్ళేదు పాపం."

"రండి ఆంటీ. ఎంతమంది?"

"ఎంతోమందిమి కాదులే, ఆరుగురం. హోటలూ గీటలూ ఏం వద్దు, నాలుగు గంటలు డ్రైవ్ చేసొచ్చి ఆ బర్గర్లేం తింటాం! నువ్వు దోసెలు పోసెయ్. చట్నీ నేను తెస్తా."

"ఈ చలికి పిండి పులవదేమో ఆంటీ..."

"వెచ్చటి చోట పెట్టవే! హాట్ వాటర్ కబర్డ్ లేదా?"

ఉంది. అందులో పదకొండు సాక్సులు ఉన్నాయి. పన్నెండోది ఎప్పుడూ కనబడేది కాదు. ఆ వాసన మధ్యలో పిండి పెట్టి, పదిమందికి పెట్టే ధైర్యం నాకు లేదు. పెరట్లో గది గుర్తొచ్చింది. సోమవారం సాయంత్రం పిండి రుబ్బి, బకెట్లో పోసి, మూతపెట్టి, చెక్క అడ్డుకి ఇవతల నేల మీద పెట్టి వచ్చాను. అడ్డు ఉంది కదా, పరికరానికి నా పిండితో ఏం సంబంధం అనుకున్నాను. చెక్క అడ్డు ఉన్నా కింద నేల ఒక్కటే పలక అన్న సంగతి నాకు తట్టలేదు.

లాగ్‌బుక్కు తెరిచాను. పెన్ను తీశాను. 'ఒక బకెట్, దోసెల పిండి' అని రాయడానికి సిగ్గేసింది. ఏళ్ళ తరబడి పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు వచ్చి సంతకాలు పెట్టిన పుస్తకం అది. మూసేసి వచ్చేశాను. ఇంటికొచ్చి డైరీలో మాత్రం వివరంగా రాసుకున్నాను: 'మూడు గ్లాసుల బియ్యం, ఒక గ్లాసు మినప్పప్పు, చెంచాడు మెంతులు. గదిలో పెట్టాను. దేవుడు దయతలిస్తే పులుస్తుంది.'

మంగళవారానికి పులియలేదు. ఆ గది వెచ్చదనం పరికరానికి చాలుతుంది కానీ మినప్పిండికి చాలదు. మధ్యాహ్నం ఫోను.

"మా పక్కింటి వరంగల్ వాళ్ళు కూడా వస్తామంటున్నారే. పదకొండు మందిమి అయ్యాం."

ఇంకో బకెట్. ఇది మొదటిదానికంటే పెద్దది. మొదటిది పాడైపోయిందేమో అనే భయంతో దానికి కూడా సరిపడా రుబ్బాను. చిన్న మిక్సీ జారు, పదహారు వాయిలు. బుధవారం మళ్ళీ ఫోను.

"పదిహేడు. ఇంక పెరగంలే. అన్నట్టు ఇద్దరికి దోసెలు పడవట, వాళ్ళకి ఇడ్లీ పెట్టేయ్."

మూడో బకెట్ అసలు బకెట్ కాదు, బట్టలు నానబెట్టే టబ్బు. కొత్తదే, కడిగాను.

గురువారం పొద్దున ఎనిమిదింటికి లోవర్ హట్ నుంచి వీడియో కాల్. తెర మీద ఏడు ముఖాలు, ఇవతల వంటింటి బల్ల దగ్గర నేనూ టెక్నీషియనూ. గ్రాఫులో మూడు రోజులుగా మూడు మెట్లు. ఒకదానికంటే ఒకటి పెద్దది. అదే వారంలో కొండ కింద చిన్న చిన్న కంపనాలు కూడా కొన్ని వచ్చాయి. మామూలుగానే వస్తుంటాయి, కానీ ఈ మెట్ల పక్కన పెట్టి చూస్తే అవి కూడా మామూలుగా కనిపించలేదు.

"మిగతా స్టేషన్లు ఏమీ చూపించడం లేదు" అన్నారొకరు.

"అవి దూరంగా ఉన్నాయి. ఇదేమో అటుపక్క పైకి వస్తోంది" అన్నారు మాలో అందరికంటే పెద్ద శాస్త్రవేత్త. ఆయన గొంతులో సంతోషం ఆగడం లేదు. "చూడండి, ఆగి ఆగి ఎక్కుతోంది. ఒక అడుగు, విశ్రాంతి. ఇంకో అడుగు, విశ్రాంతి."

ఆ మూడు రోజులూ నా మిక్సీ కూడా సరిగ్గా అలాగే ఆగి ఆగి తిరిగింది. అది వేడెక్కితే మధ్యలో ఆపాలి.

"గదిలోకి ఎవరైనా వెళ్ళారా?" అని టీం లీడర్ అడిగింది.

టెక్నీషియన్ గది తలుపు దగ్గర నుంచి తెచ్చిన లాగ్‌బుక్కు నా ముందుకి జరిపారు. చూశాను. "లాగ్‌బుక్కులో ఏమీ లేదు" అన్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అప్పటికి నాకు నిజంగానే అనుమానం రాలేదు కూడా. ఏడుగురు మేధావులు కరిగిన రాయి అంటుంటే నేను మినప్పప్పు అనుకుంటానా?

శుక్రవారం తొమ్మిదింటికి మళ్ళీ కలుద్దామని, గీత ఇలాగే ఉంటే హెచ్చరిక స్థాయి పెంచి పదకొండింటికి ప్రకటన ఇద్దామని తీర్మానించారు. స్థాయి పెంచితే కొండ మీది దారులన్నీ మూసేస్తారు. బడి సెలవులు. కొండ కింద మేమున్న ఊరు ఏడాది అంతా బతికేది మంచు కోసం జనం వచ్చే ఆ రెండు వారాల మీదే.

మధ్యాహ్నం మూడింటికి పిండి చూద్దామని గదిలోకి వెళ్ళాను. గోడకి ఒక చిన్న తెర ఉంటుంది, గీత అందులో అప్పటికప్పుడు కనిపిస్తుంది. టబ్బు బరువుగా ఉంది. దాన్ని ఎత్తి గుమ్మం బయట పెట్టి, ఎందుకో తెర వైపు చూశాను. గీత దిగింది. టబ్బు మళ్ళీ లోపల పెట్టాను. గీత ఎక్కింది. మళ్ళీ బయట పెట్టాను. మూడుసార్లు బయటా లోపలా పెట్టాను. మూడుసార్లూ కొండ నేను చెప్పినట్టే విన్నది.

గదిలోకి వచ్చి నేల మీద కూలబడ్డాను. గీత ఇంకొంచెం ఎక్కింది.

బకెట్లు తీసేయవచ్చు కదా అని మీరు అనవచ్చు. తీస్తే గీత దభాలున పడిపోతుంది. మూడు రోజులు ఎక్కిన కొండ ఒక్క క్షణంలో దిగిపోతే, ఆ పెద్దాయన హెలికాప్టర్ వేసుకుని వచ్చేస్తారు. చెప్పేస్తే? కాంట్రాక్టు పోతుంది. అంతకంటే ముందు, ఎనిమిదిమంది ముందు 'దోసెల పిండి' అనాలి. ఇంకొకటి కూడా ఉంది. అది డైరీలో రాసుకుని కొట్టేశాను, అయినా ఇప్పుడు చెబుతున్నాను. స్థాయి పెరిగితే మంచు దగ్గరికి వెళ్ళే దారి మూస్తారు. దారి మూస్తే పదిహేడు మంది రారు. ఎక్కడ కూర్చోబెట్టాలి, ఏం మాట్లాడాలి, పెళ్ళెప్పుడు అంటే ఏం చెప్పాలి అన్న బెంగ అంతా ఒక్క ప్రకటనతో తీరిపోతుంది. ఒక ఊరి సంపాదనని, ఒక దేశపు అగ్నిపర్వత వ్యవస్థని నేను చుట్టాల నుంచి తప్పించుకోవడానికి వాడుకోబోయాను.

శుక్రవారం తొమ్మిదయింది. మా మీటింగులకి ఒక పద్ధతి ఉంది. స్థాయి మార్చాలా వద్దా అన్న ప్రశ్నకి అందరికంటే చిన్నవాళ్ళే ముందు జవాబు చెప్పాలి. పెద్దవాళ్ళ మాట విన్నాక చిన్నవాళ్ళు తమ మాట మింగేస్తారని ఆ నియమం. మంచి నియమమే. ఎప్పుడూ చిన్నది నేనే కావడం ఒక్కటే అందులో లోపం. మామూలుగా అయితే 'నాకు మార్పేమీ కనిపించడం లేదు' అన్న ఒక్క వాక్యం పొద్దున్నే అద్దం ముందు నాలుగుసార్లు చెప్పుకుని వచ్చేదాన్ని. ఆ రోజు 'పెంచడమే మంచిదనిపిస్తోంది' అన్న వాక్యం చెప్పుకుని వచ్చాను.

టెక్నీషియన్ నా వెనక స్టవ్ దగ్గర కెటిల్ పెడుతున్నారు. టీం లీడర్ నా పేరు పిలిచింది. పెద్దాయన పక్కన ప్రకటన అప్పటికే అచ్చు తీసి పెట్టి ఉంది. దారుల మూసివేత అన్న శీర్షిక ఇక్కడికి కూడా కనబడుతోంది. ఆ ఊళ్ళో మంచు బూట్లు అద్దెకిచ్చే షాపావిడ ముందురోజు నన్ను చూసి, "సెలవులు బాగా మొదలయ్యాయి, అమ్మయ్య" అంది. ఎందుకో ఆ 'అమ్మయ్య' గుర్తొచ్చింది.

నోరు తెరిచాను. మొత్తం చెప్పేశాను. మూడు బకెట్లు, పదిహేడు మంది, లాగ్‌బుక్కులో రాయకపోవడం, నిన్న మధ్యాహ్నం మూడింటి నుంచీ తెలిసి కూడా చెప్పకపోవడం, క్షమించండి, నా కాంట్రాక్టు మీ ఇష్టం. జీవితంలో అంత పొడుగు మాట నేను ఎవరితోనూ మాట్లాడలేదు.  తెర మీద ఏడు ముఖాలూ నిశ్చలంగా, దయగా నన్నే చూస్తున్నాయి. ఎంత మంచివాళ్ళు అనుకున్నాను.

నా భుజం మీదుగా ఒక చెయ్యి వచ్చి లాప్‌టాప్ మీద ఒక మీట నొక్కింది.

"మ్యూట్‌లో ఉన్నావు. మళ్ళీ చెప్పు" అన్నారు టెక్నీషియన్. కెటిల్ దగ్గరికి వెళ్ళిపోయారు.

ఒకే ధైర్యాన్ని ఒకే రోజు రెండుసార్లు తెచ్చుకోవడం కష్టం. రెండోసారి కుదించాను. "గదిలో నేల మీద మూడు బకెట్లు ఉన్నాయి. నేనే పెట్టాను. గీత వంగింది వాటి బరువుకేమో అని... ఇప్పుడే అనిపిస్తోంది."

ఆ 'ఇప్పుడే' ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. వచ్చేసింది.



"బకెట్లలో ఏముంది?" టీం లీడర్ అడిగింది.

"బియ్యం, మినప్పప్పు. రుబ్బి."

"ఎందుకు?"

"శనివారం... అతిథులు."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఒక్కొక్కటి ఎంత బరువు?" అన్నారు. ఆయన గొంతులో దుఃఖం ఉంది, కానీ కుతూహలం దాన్ని తోసుకుని ముందుకొస్తోంది.

తర్వాత జరిగింది మా ఆఫీసు చరిత్రలో బహుశా మళ్ళీ జరగదు. స్నానాలగదిలోంచి బరువు చూసే మిషన్ తెచ్చాం. ఫోనుని గది తలుపు దగ్గర నిలబెట్టాం. ఏడుగురు శాస్త్రవేత్తలు చూస్తుండగా టెక్నీషియన్ ఒక్కో బకెట్ బయటికి మోసుకొచ్చారు. నేను టైము చదువుతున్నాను.

"మొదటిది బయట. 9:31."

"దిగింది!" ఫోన్లోంచి ఎవరో అరిచారు.

"రెండోది. 9:34."

"దిగింది! ఇంత శుభ్రమైన మెట్టు నా సర్వీసులో చూడలేదు" అన్నారు పెద్దాయన.

మూడోది టబ్బు. రెండు రోజులు పులవని పిండి అదేం కక్షో ఆ పూటే పులిసింది. గుమ్మం దాటుతుండగా మూత లేచి, అంచు పొర్లి టెక్నీషియన్ రబ్బరు బూటు మీద పడింది. ఆయన దించలేదు. "9:37" అని ఆయనే చెప్పారు. గీత సోమవారం పొద్దున ఎక్కడుందో సరిగ్గా అక్కడికి చేరింది. లోవర్ హట్‌లో చప్పట్లు కొట్టారు.

పదకొండింటి ప్రకటనలో స్థాయి మారలేదని రాశారు. తర్వాత వచ్చిన నివేదికలో 'గదిలో గృహావసరాలకు సంబంధించిన బరువు' అన్నారు. చదివినవాళ్ళు బీరువా అనుకుని ఉంటారు.

మధ్యాహ్నం టీం లీడర్ నాకు ఒక్కదానికే ఫోన్ చేసింది.

"లాగ్‌బుక్కులో ఎందుకు రాయలేదు?"

"సిగ్గేసింది."

"సరే. ఇకమీద సిగ్గేసినవే ముందు రాయి. కాంట్రాక్టు పొడిగిస్తున్నాం. ఎందుకో తెలుసా? అనుమానం వచ్చిన నిమిషంలో చెప్పావు కాబట్టి. పెద్దవాళ్ళు కూడా చెప్పరు."

అప్పుడు చెప్పవలసింది. "థాంక్యూ" అన్నాను.

శనివారం పదిహేడు మంది కాదు, ఇరవై ఒక్కమంది వచ్చారు. ఆంటీ దోసె తుంచి నోట్లో పెట్టుకుని, "కాస్త ఎక్కువ పులిసింది గానీ, భలే ఉందే. ఎక్కడ పెట్టావ్?" అంది. అలమరాలో అన్నాను. అదొక అబద్ధం. ఆ వారం నా అబద్ధాల లెక్క ఎలాగూ తప్పింది. టెక్నీషియన్ ఒక మూల నిలబడి తొమ్మిది దోసెలు తిన్నారు. ఆంటీ ఆయన్ని "అంకుల్, ఇంకోటి" అంటూ బతిమాలుతూనే ఉంది, ఆయన ఒక్కసారి కూడా వద్దనలేదు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగింది కొంచెమే. నేల చాలా సున్నితమైనది, మీరు కూర్చున్నా దానికి తెలుస్తుంది. నేను డైరీలో రాసుకున్న వాక్యాల్లో సగం లాగ్‌బుక్కులో రాసి ఉంటే ఏడుగురికి ఒక రాత్రి నిద్ర మిగిలేది. ఆ తర్వాత మూడేళ్ళలో 'ఒక దుప్పటి', 'ఒక అరటిపండు', 'ఏడుపు, పది నిమిషాలు' కూడా రాశాను. ఎవరూ నవ్వలేదు. అరటిపండు గురించి మాత్రం పెద్దాయన ఫోన్ చేసి, తిన్నానా లోపల వదిలేశానా అని అడిగారు.

ఆరు వారాలు అయిపోయాక టెక్నీషియన్ నన్ను తన పాత ట్రక్కులో బస్సు దగ్గర దింపారు. ఆ నెలాఖరుకే ఆయన రిటైరయ్యారు. మళ్ళీ కలవలేదు. బస్సు తలుపు మూసుకుంటుంటే, ఒక చేత్తో తలుపు పట్టుకుని, డ్రైవరు హారన్ కొడుతున్నా పట్టించుకోకుండా, నాతో ఆయన అన్న అతి పొడుగు మాటలు ఇవి:

"మ్యూట్‌లో చెప్పిందే బాగుంది. నేను విన్నాను. దిగులుపడకు, నువ్వు ఒక్క రోజు ఆగావు. అదే గది, పాతికేళ్ళ కిందట, నేను పదకొండు రోజులు ఆగాను. నేను పులియబెట్టింది బీరు."